జాకరమ్మ వనం, లండన్ చట్టం

2024 నవంబరు. గూడెం కొత్తవీధి మండలంలో కాఫీ కోతలు జోరుగా సాగుతున్నాయి. నేను అప్పటికి కొన్నేళ్ళుగా గిరిజన కాఫీ రైతుల కంపెనీ ఒకదానిలో ట్రేసబిలిటీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఎక్కడో కప్పులో పోసుకున్న కాఫీ ఏ కొండ మీద, ఎవరి తోటలో పండిందో వెనక్కి వెతుక్కుంటూ వచ్చి చూపించగలగడమే ట్రేసబిలిటీ. మా అమ్మను ఎవరైనా అడిగితే, "కాఫీ ఆఫీసులో ఏదో రాత్తాది" అని చెబుతుంది. రాసేది తక్కువ, నడిచేది ఎక్కువ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కలేదు. పార్వతీపురం పక్క పల్లెలో, చదునైన వరి పొలాల మధ్య పెరిగినదాన్ని. ఈ కొండలు ఎక్కడం అలవాటయ్యే లోపు ఎన్ని జతల చెప్పులు తెగాయో నాకే తెలుసు.

నాకు కోపం కొంచెం ఎక్కువ. ఉత్సాహం అంతకంటే ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి పనికొచ్చిన సందర్భం నా ఉద్యోగంలో తేనెగొందిదే. అందుకే ఎవరు నా పని గురించి అడిగినా ముందు ఇదే చెబుతాను.

తేనెగొంది చిన్న గూడెం. జీపు దిగాక వాగు దాటి కొండెక్కాలి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల పాదులు, మధ్యమధ్యలో పనసచెట్లు. అక్కడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద రాజులమ్మ. నలభై దాటి ఉంటాయి. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం వాగు అవతలికి వినిపిస్తుంది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆమెను అప్పా అంటే ఆమె నన్ను, చిన్నపిల్లను పిలిచినట్టు, గుంటా అనేది. ఆఫీసులో అందరూ మేడం అంటే పొంగిపోయే నాకు, ఆ కొండ మీద గుంటా అని పిలిపించుకోవడం ఎందుకో బాగుండేది.

అంతకు ముందు దాకా తేనెగొంది వాళ్ళు పచ్చి కాఫీ పళ్ళనే సంతకు మోసుకెళ్ళి షావుకారుకు అమ్మేవారు. ఆ ఏడు రాజులమ్మ ఒక్కో గుమ్మం ముందూ నిలబడి, బతిమాలి, తిట్టి, పళ్ళు అమ్మకుండా ఆపింది. పండు తొక్క వలిచి, పులియబెట్టి, కడిగి, ఎత్తు బల్లల మీద ఎండబెట్టిన గింజను పార్చ్‌మెంట్ అంటారు. ఆ పనంతా ఆడవాళ్ళే చేశారు. లండన్‌లో కాఫీ దుకాణాలు నడిపే పెద్ద కంపెనీ ఒకటి వాళ్ళ నమూనా గింజలు రుచి చూసి, ఈ ఊరి కాఫీని వేరే ఏ ఊరి గింజతోనూ కలపకుండా, సంచి మీద తేనెగొంది అని రాసి పంపితే కొంటామంది. ఇలా ఒక్క ఊరి సరుకును విడిగా ఉంచితే దాన్ని మైక్రోలాట్ అంటారు. మొదట్లో ఆమె మాటకు ఒప్పుకోని మగవాళ్ళు కూడా ఇది విన్నాక బల్లలు కట్టడానికి వెదుళ్ళు మోసుకొచ్చారు. ఊరి పంటంతా ఆ బల్లల మీద ఉంది. దానితో పాటు రాజులమ్మ మాట కూడా.

ఇక చట్టం సంగతి. బ్రిటన్‌లో 2021లో ఒక పర్యావరణ చట్టం వచ్చింది. అందులో మా పనికి తగిలే భాగం ఒకటుంది. పెద్ద కంపెనీలు కొన్ని రకాల సరుకులు వాడుకోవాలంటే, అవి పండిన చోట భూమికి సంబంధించిన ఆ దేశపు చట్టాలను పాటించారా లేదా అని ముందే విచారించి తేల్చుకోవాలి. ఆ విచారణ పేరు డ్యూ డిలిజెన్స్. ఏయే సరుకులన్నది నిబంధనల్లో విడిగా చెప్పాలి. 2023 చివర్లో అక్కడి ప్రభుత్వం మొదటగా పశువుల ఉత్పత్తులు, కోకో, పామాయిల్, సోయా పేర్లు చెప్పింది. కాఫీ పేరు లేదు. నేను చెబుతున్న రోజులకు ఆ నిబంధనలు ఇంకా అమల్లోకి రానేలేదు.

అక్కడ వాదోపవాదాలకు మాత్రం కొదవ లేదు. కాఫీని కూడా కలపాల్సిందే అని కొందరు. ముందు చెప్పిన నాలుగూ సరిగ్గా చెయ్యండి చాలు అని కొందరు. స్థానిక చట్టం ఒప్పుకుంటే చాలు అనడమే తప్పు, అడవి కొట్టిన చోట పండింది ఏదైనా సరే ఆపాలి అని ఇంకొందరు. పక్కనే యూరప్ వాళ్ళ చట్టంలో కాఫీ పేరు ఉంది, ఆ చట్టం ఈ చివరి దారినే పట్టింది. నాకు ఈ చర్చలంటే పిచ్చి ఇష్టం. ఎక్కడో వాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఒక పదం మారిస్తే ఇక్కడ చింతపల్లి ఘాట్‌లో మా జీపు తిరిగే మలుపు మారుతుంది. ఫోన్‌లో వాళ్ళ పార్లమెంటు చర్చలు చదువుకుంటూ నేను నాలో నేనే గొణుక్కుంటుంటే, మా డ్రైవర్ అప్పారావు, "ఏటి మేడం, స్కోరెంత?" అని అడిగేవాడు.

కాఫీ జాబితాలో లేకపోయినా మా లండన్ కొనుగోలుదారులు రేపో మాపో చేరుస్తారని ముందే తయారవుతున్నారు. ప్రతి తోటకూ పాలిగాన్ కావాలన్నారు. ఫోన్‌లో యాప్ తెరిచి, స్టార్ట్ నొక్కి, తోట అంచు వెంట నడుచుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగొస్తే పటం మీద ఒక మూసిన గీత పడుతుంది. అదే పాలిగాన్. తేనెగొంది ఆడవాళ్ళకు నేనే నేర్పాను. గంటలో నేర్చుకున్నారు. తరవాత ఎవరి తోట వాళ్ళే నడిచి, సిగ్నల్ ఉన్న చోట నుంచి పంపేశారు. అవి విశాఖపట్నంలో మా డేటా వాళ్ళ దగ్గరికి, అక్కడి నుంచి లండన్‌కూ వెళ్ళాయి.

లండన్ నుంచి జవాబు వచ్చిన రోజు నేను పాడేరు ఆఫీసులో ఉన్నాను. రాసింది క్లేర్ అనే అమ్మాయి. ఆ కంపెనీలో చట్టపరమైన తనిఖీలన్నీ ఆమె చూస్తుంది. మర్యాదగా, చల్లగా రాసింది. తేనెగొంది తోటల గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, పైగా అన్నీ రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్తున్నాయి, దీనికి సరైన వివరణ వచ్చే దాకా ఈ సరుకు ఓడ ఎక్కదు అని. కింద పటం జత చేసింది. దాన్ని పెద్దది చేసి చూశాను. కొండ కింద ఎవరి తోట వాళ్ళదే, విడివిడిగా ఉంది. అక్కడి నుంచి ప్రతి గీతా సన్నగా సాగి, పైకెక్కి, కొండ మీద ఒకే ఒక్క చోట చేరి, దాన్ని చుట్టుకుని మళ్ళీ కిందికి దిగింది. అచ్చం ఒక పువ్వుకు రేకులు వేసినట్టుంది. చెట్ల నీడలో జీపీఎస్ అటూ ఇటూ తప్పుతుంది, అది నాకు మామూలే. కానీ తప్పులన్నీ కలిసికట్టుగా ఒకే చోటికి వెళ్ళవు కదా. లండన్‌లో కూర్చున్నవాళ్ళకు అది ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. ఊరంతా కూడబలుక్కుని ఒకే అడవి భూమిని ఎవరికి వాళ్ళు తమదని రాయించుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నమే జీపెక్కాను. తేనెగొంది చేరేసరికి ఆడవాళ్ళు బల్లల మీద గింజలు కలియబెడుతున్నారు. ఊరంతా పులిసిన తీపి వాసన. నేను పలకరింపులు కూడా లేకుండా ఫోన్ తీసి పటం రాజులమ్మ ముందు పెట్టాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఇదిగో వనం! బాగా వొచ్చినాది కదేటి?"

"ఏటి బాగా రావడం? నీ తోట ఇక్కడితో అయిపోనాది కదప్పా. ఇంత పైకెందుకెక్కినావు?"

"నువ్వే కదా సుట్టు తిరగమన్నావు."

"తోట సుట్టు తిరగమన్నాను!"

"అదే తిరిగినాను. అమ్మోర్ని బయట ఒగ్గీసి సుట్టు తిరుగుతారేటి, ఎవులైనా?"

మిగతా ఆడవాళ్ళు కూడా నా వైపు అదే ప్రశ్నతో చూశారు. నేను బల్ల పక్కన కూలబడ్డాను. అప్పుడు ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. కొండ మీద ఊట దగ్గర, వాళ్ళు కొలిచే అమ్మవారు జాకరమ్మ వనం ఉంది. ఏటా మొదటి పండు కోసే ముందు కోడిని పట్టుకుని వనం చుట్టూ తిరిగి వస్తారు. వాళ్ళకు నేల చుట్టూ కాలితో తిరగడం అంటే కొలత తీసుకోవడం కాదు, ఇది మాది, దీన్ని మేం చూసుకుంటాం అని అమ్మవారికి మాట ఇవ్వడం. ఆ చుట్టులో ఏది లోపల ఉంటే దానితో సంబంధం ఉన్నట్టు. ఏది బయట పడితే దాన్ని వదిలేసినట్టు. అన్నదమ్ములు విడిపోయి ఇక ముఖాలు చూసుకోం అనుకున్నప్పుడు అలాగే, ఒకరి ఇంటిని బయటికి వదిలి చుట్టు తిరుగుతారట. నేను ఫోన్ చేతిలో పెట్టి చుట్టు తిరగమంటే, ఒక్కో ఆడమనిషీ తన తోటలో బయల్దేరి, పైకెక్కి, జాకరమ్మను లోపల వేసుకుని దిగింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సినంత విషయమని వాళ్ళకు అనిపించలేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక గట్టిగా అరిచాను. "లండన్‌లో ఉన్న కంప్యూటర్‌కి జాకరమ్మ ఎవులో తెలీదప్పా!"

"తెలీకపోతే సెప్పు. నీకు జీతం ఎందుకిత్తన్నారు?"

ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. నాకూ నవ్వాగలేదు. కానీ నవ్వు తగ్గాక అసలు సంగతి చెప్పాల్సి వచ్చింది. సరుకు ఆగిపోయింది, మళ్ళీ నడవాలి, ఈసారి తోట అంచు దాటకుండా నడవాలి అన్నాను. గింజలు కలియబెట్టే చప్పుడు ఆగిపోయింది. రాజులమ్మ బల్ల మీది పార్చ్‌మెంట్ గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చింది.

"ఈ సరుకు ఎల్లకపోతే నా మాట ఇంకెవులూ ఇనరు, గుంటా. మళ్ళీ పచ్చి పళ్ళు తట్టలకెత్తుకుని సంతకి మొయ్యడమే. అది నాకూ తెలుసు. అలగని అమ్మోర్ని బయటెట్టి నడవమంటే నా కాలు కదల్దు."

నాకు ఆమె పట్టుదల చూసి చిరాకు వేసింది, జాలీ వేసింది. బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను. యాప్‌లో ఒక రైతుకు ఒక గీత, అంతే. దేవుడికి వేరే గీత అని ఎక్కడా లేదు. ఇంతలో ఊరి దిసారి వచ్చాడు. దిసారి అంటే పూజలు చేసి, మంచిరోజులు చూసి చెప్పే పెద్దాయన. అందరూ ఆయన్ను తాతా అంటారు. జరిగిందంతా ఆయనకు చెప్పారు. ఆయన చుట్ట వెలిగించుకుని, తీరిగ్గా అడిగాడు.

"ఊరందరిదీ కలిపి ఒక పెద్ద సుట్టు ఏసినారేటి?"

"నేదు తాతా. ఎవులిది ఆళ్ళే ఏసినారు."

"మరదే తప్పు. ముందు ఊరిది ఎయ్యాల. అమ్మోరు, ఊట, తోటలు, అన్నీ ఆ సుట్టులో ఉంతాయి. ఆ తరవాత ఎవులి తోట ఆళ్ళు తిరిగినా పరవానేదు. లోపలున్న అమ్మోరు బయటికెలాగెల్తాది?"

ఆ మాట వినగానే నేను లేచి గంతేశాను. నిజంగానే గంతేశాను, బల్ల మీది గింజలు కొన్ని కింద పడి తిట్లు కూడా తిన్నాను. ఎందుకంటే ఆయన చెప్పింది మన అటవీ హక్కుల చట్టం చెప్పిందే. ఆ చట్టంలో రైతు సాగు చేసుకునే నేలకు విడిగా పట్టా ఉంటుంది. ఊరు మొత్తం కాపాడుకుంటూ వస్తున్న అడవి మీద గ్రామసభకు సామూహిక హక్కు ఉంటుంది. తేనెగొంది గ్రామసభకు ఆ హక్కు ఎప్పుడో వచ్చింది, ఊళ్ళో అందరికీ తెలుసు. రిజర్వ్ ఫారెస్ట్‌లోని వనం, ఊట ఆ హద్దుల్లోనే ఉన్నాయి. బ్రిటన్ చట్టం అడిగేది కూడా స్థానిక చట్టం పాటించారా అనే కదా! ఊరి గీత కావాలని ఎవరూ అడగలేదని కంపెనీలో మేం ఒక్కో రైతు గీతే గీయించుకుంటూ వచ్చాం. బయట పెద్ద గీత, లోపల చిన్న గీతలు ఉంటే జాకరమ్మకు కోపం రాదు, క్లేర్‌కు అనుమానం రాదు.

"తాతా, నీకు తెలీకుండా నువ్వు లాయరువి!" అన్నాను.

"మంచిరోజు రేపే ఉంది. బేగి కానీండి," అన్నాడు ఆయన, లాయరు మాట పట్టించుకోకుండా.

మర్నాడు ఊరంతా నడిచింది. ముందు డప్పులు, తరవాత దిసారి తాత, ఆయన వెనక కోడిని పట్టుకున్న ఆడమనిషి, ఆ వెనక ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని రాజులమ్మ. స్టార్ట్ నొక్కే ముందు ఫోన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టారు. కెమెరా మీద పెట్టొద్దని నేను మొత్తుకున్నాను. గ్రామసభ హద్దు ఏ బండ దగ్గర మలుపు తిరుగుతుందో, ఏ గెడ్డ వాగు వెంట దిగుతుందో పెద్దవాళ్ళకు నోటికి వచ్చు. దారిలో పాచి పట్టిన రాళ్ళు అక్కడక్కడా కనిపించాయి. అవి తెల్లదొరల కాలంలో రిజర్వ్ ఫారెస్ట్‌కు హద్దుగా పాతినవి. రాజులమ్మ వాటిని దాటేటప్పుడు ఆగలేదు, చూడను కూడా చూడలేదు. వనం లోపలికి నన్ను రానివ్వలేదు. బయట నిలబడి చూశాను. నిలువెత్తు చెట్లు, కింద చీకటి, లోపల ఎక్కడో నీళ్ళ చప్పుడు. అంత ఎత్తున అన్ని నీళ్ళు నిలిచింది ఆ చెట్ల వల్లేనని అప్పుడు అర్థమైంది. కింద తోటలన్నీ ఆ ఊట మీదే బతుకుతున్నాయి. మధ్యాహ్నం దాటాక బయల్దేరిన చోటికే చేరి గీత మూసుకున్నప్పుడు, ఫోన్ టింగ్ మంది. డప్పులవాళ్ళు దాన్ని కూడా తాళంలో కలుపుకున్నారు. ఆ తరవాత ఆడవాళ్ళు ఎవరి తోట వాళ్ళు, ఒక్క అడుగు కూడా అంచు దాటకుండా, నవ్వుకుంటూ నడిచేశారు.

క్లేర్‌తో వీడియోలో మాట్లాడాలన్నాను. తేనెగొందిలో సిగ్నల్ దొరికేది ఒకే బండ మీద. లండన్‌లో పొద్దున, మాకు మధ్యాహ్నం. ఎండలో ఆ బండ మీద రాజులమ్మ, నేను పక్కపక్కన కూర్చున్నాం, మా చుట్టూ ఊరు నిలబడింది. తెర మీద క్లేర్ కనిపించగానే, "సిన్న గుంటే!" అంది రాజులమ్మ, కాస్త నిరాశగా. అంత పెద్ద ఆపద తెచ్చిన మనిషి ఇంకెంత ఉంటుందో అనుకుంది కాబోలు.

క్లేర్ కొత్త పటం చూసింది. తోటలు ఒకదాని మీద ఒకటి పడటం లేదని ఒప్పుకుంది. పెద్ద గీత దగ్గర ఆగింది. తమ సాఫ్ట్‌వేర్‌లో ఊరి పేరు మీద గీత పెట్టే చోటు లేదంది. పైగా ఆ గీత రిజర్వ్ ఫారెస్ట్ హద్దు దాటుతోంది కదా అని అడిగింది. నేను ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాను. రాజులమ్మ తెరకు మొహం దగ్గరగా పెట్టింది.

"ఆ రాళ్ళు పాతింది మీ తాతలే కదా, అమ్మా? పాతినప్పుడు మా అమ్మోర్ని అడిగినారేటి?"

దీన్ని ఇంగ్లీషులోకి ఎలా దించాలా అని ఒక్క క్షణం తటపటాయించాను. తరవాత ఉన్నదున్నట్టే చెప్పేశాను. నిజం చెప్పాలంటే, చాలా సంతోషంగా చెప్పాను. క్లేర్ ముఖం ఎర్రబడింది. పటం దగ్గరగా చేసుకుని ఆ హద్దు మళ్ళీ చూసింది.

"వాళ్ళే పాతి ఉంటారు," అంది. "అడిగి ఉండరు."

ఆ మాట తెలుగులో చెప్పేసరికి ఊరంతా ఒక్క ఊపిరి తీసుకుంది. దిసారి తాత తల ఊపాడు. క్లేర్ గొంతు ఆ తరవాత మారింది. ప్రశ్నలు గబగబా వచ్చాయి, మా ఇద్దరికీ హుషారెక్కింది. ఇప్పుడు అమల్లో ఉన్న మీ చట్టం ప్రకారం ఆ వనాన్ని కాపాడే హక్కు ఈ గ్రామసభదేనా అని అడిగింది. అవునన్నాను, గ్రామసభ హక్కు కాగితం మెయిల్ చేస్తానన్నాను. తమ ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడని, చట్టబద్ధమైతే చాలదు, అడవి ఒక్క చెట్టు కూడా తగ్గకూడదని వాదించేవాడని, ఆయనకు ఏం చెప్పాలని అడిగింది. ఉపగ్రహం తీసిన పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి వనం వైపు చూడమనండి అన్నాను. ఆమె అప్పటికప్పుడే పెట్టి చూసింది. "పచ్చదనం తగ్గలేదు, ఊట చుట్టూ పెరిగింది," అంది. నేను గెలిచినట్టు బండ మీద చరిచాను. అరచెయ్యి మండింది.

అయినా ఆమె ఒక్కతే తేల్చే విషయం కాదు. పైవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తానంది. ఆ ఎదురుచూపు రోజుల్లో మబ్బు పట్టింది. ఆడవాళ్ళు బల్లల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతూ తీస్తూ గడిపారు. సంత షావుకారు మనిషిని పంపి, పార్చ్‌మెంట్ అయినా కొంటానని కబురు పెట్టాడు, కానీ సంచి మీద ఊరి పేరు గీరు కుదరదన్నాడు. ఇచ్చేద్దామని కొందరు మగవాళ్ళు అన్నారు. రాజులమ్మ ఒప్పుకోలేదు. నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "ఏటైనా వొచ్చినాదా?" ఆమె గొంతులో భయం మొదటిసారి వినిపించింది.

మెయిల్ వచ్చింది. సరుకు తీసుకుంటామన్నారు. ఊరి పేరు మీద గీత పెట్టడానికి తమ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చోటు తెరుస్తున్నామని, ఇకపై సామూహిక హక్కు ఉన్న ఊళ్ళన్నిటికీ ఇలాగే అడుగుతామని కూడా రాశారు. ఆఫీసులో నేను వేసిన కేకకు పక్క గదిలో టీ ఒలికింది. ఫోన్ చేస్తే రాజులమ్మ అందలేదు. అప్పారావును లేపి జీపు తీయించాను. దారిపొడుగునా హారన్ కొట్టమన్నాను, ఆయన కొట్టాడు. వాగు ఇవతల నుంచే అరిచాను, "అప్పా! ఎల్తాది! మన సరుకు ఎల్తాది!"

"మరెల్లదేటి?" అంది రాజులమ్మ పెద్దగా. అని గబుక్కున అటు తిరిగిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. మిగతావాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు, డప్పులు తెచ్చారు.

సంచులు ఘాట్ దిగాక క్లేర్ మరోసారి మాట్లాడాలని అడిగింది. మళ్ళీ అదే బండ ఎక్కాం. చట్టం జాబితాలో కాఫీని చేర్చాలా వద్దా అనే విషయం మీద తమ కంపెనీ ప్రభుత్వానికి అభిప్రాయం రాయాలనుకుంటోందని, తేనెగొంది వాళ్ళేమంటారో తెలుసుకోవాలని ఉందని చెప్పింది. నాకు జవాబు ముందే తెలుసనుకున్నాను. వద్దంటారు, ఎవరైనా వద్దనే అంటారు, ఇంత యాతన పడ్డాక. ఆ జవాబుకు ఇంగ్లీషులో మర్యాదైన వాక్యం కూడా మనసులో అల్లుకున్నాను.

"సేర్చమను," అంది రాజులమ్మ.

"అప్పా, సేర్చితే ఈ గొడవంతా ఏటేటా ఉంటాది. తెలుసా?"

"ఉండనీ. ఇన్నేళ్ళు మన కాఫీ తాగినారు. ఈ కొండ ఎవులిదని ఒక్కడైనా అడిగినాడేటి? సట్టంలో ఉంటే అడగాల కదా. అడిగితే సెప్తాం."

అప్పటిదాకా నేను చట్టాన్ని ఘాట్ రోడ్డు మీద చెక్‌పోస్టులాగే చూశాను. బండి ఆగకుండా దాటించడమే నా పని, దాటిస్తే నేను గొప్పదాన్ని. లండన్ చర్చలన్నీ చదివాను కానీ, అందులో తేనెగొంది వైపు కూర్చుని ఒక్కసారీ చదవలేదు. పట్టించుకునేవాళ్ళు లేని మనిషికి, చట్టం తన పేరు అడగడమే పెద్ద సంగతి అని రాజులమ్మ చెబితే తప్ప నాకు తట్టలేదు. ఇప్పుడు కొత్త ఊరికి వెళ్తే ఫోన్ తీసే ముందు కూర్చుని అడుగుతాను, మీ చుట్టులో ఎవరెవరు ఉండాలి అని. ఆ జవాబు వినడానికి ఒక్కోసారి ఒక పూట పడుతుంది. పడనీ.

ఆ రోజు క్లేర్ రాసుకుంటూ, ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. రాజులమ్మ బండ మీద నుంచి లేస్తూ, కొంగు దులుపుకుంటూ చెప్పింది.

"సుట్టు నడిసేది మేవే అని రాయమను."